గ్రిమ్స్‌బీ వాన

మధ్యాహ్నం రెండు దాటింది. ఎడారి వైపు నుంచి ఎర్రదుమ్ము మోసుకొచ్చే గాలి పొద్దుటి నుంచి ఆగకుండా వీస్తోంది. కీత్ కడుపులో ఎలుకలు పరుగెత్తీ పరుగెత్తీ చతికిలబడ్డాయి. ఆరింటికి తాగిన కాఫీ తప్ప లోపల ఏమీ పడలేదు. నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. అయినా దిగడానికి లేదు. అది ఆ రోజు ఏడో ఇల్లు. ఏడిళ్లలోనూ ఒకటే ఏడుపు, "టీవీలో బొమ్మ పోయింది."

జేబులో ఫోను మళ్లీ మోగింది. విల్ఫ్.

"అబ్బాయ్, ఎక్కడున్నావు?"

"కప్పు మీద."

"ఎవరి కప్పు?"

"మీది కాదులెండి."

"నాది కాదని నాకు తెలుసు. నేను నా కప్పు కిందే కూచున్నా. ఎప్పుడొస్తావు? మా ఆవిడ సంచీ సర్దుకుంటోంది."

కీత్ నిచ్చెన దిగాడు. కింద ఆ ఇంటావిడ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"మరి మా సంగతి?"

"మీకు బొమ్మ ఒక్కటే పోయింది. రేపొస్తా" అని వ్యాను ఎక్కేశాడు.

అప్పటికి వారం నుంచి ఆ తీరమంతా ఇదే గోల. ఇంగ్లండ్ వదిలి వచ్చి స్పెయిన్ ఎండలో స్థిరపడిన ముసలివాళ్లు టొరెవియేహా చుట్టుపక్కల వేలమంది ఉన్నారు. ఇంటి మీద కాస్త పెద్ద డిష్ పెట్టుకుంటే ఇంగ్లండ్ చానెళ్లు నెలనెలా కట్టేదేమీ లేకుండా ఊరికే వచ్చేవి. పాత ఉపగ్రహం అరుగు మీద పెట్టిన దీపం లాంటిది. ఇంటివాళ్ల కోసం వెలిగించినా వీధిలో వాళ్లకీ వెలుతురు పడేది. ఫిబ్రవరిలో చానెళ్లన్నీ కొత్త ఉపగ్రహం మీదికి మారాయి. అది టార్చిలైటు. సరిగ్గా ఇంగ్లండ్ మీదికే వేశారు, అంచు దాటకుండా. తప్పని ఎవరినీ అనడానికి లేదు. వాళ్ల దీపం, వాళ్ల ఇష్టం.

కీత్‌కి యాభై మూడేళ్లు. పదిహేనో ఏట బడి మానేసి ఇంగ్లండ్‌లోని రాథరమ్‌లో మేస్త్రీల వెనక ఇటుకలు మోశాడు. స్పెయిన్‌లో ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో ఇక్కడికొచ్చి అవే ఇటుకలు మోశాడు. ఇళ్లు కట్టడం ఆగిపోయాక ఆ ఇళ్ల మీదే డిష్‌లు బిగించడం మొదలుపెట్టాడు. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఏ కప్పు మీద ఏ పెంకు కదులుతుందో తెలుసు. ఏ డిష్‌ని ఎంత తిప్పితే ఏం వస్తుందో మీటరు చూడకుండా చెప్పేవాడు. ఈ వారం మాత్రం ఎటు తిప్పినా మీటరు ముల్లు చచ్చినట్టు పడుంది.

విల్ఫ్ ట్రాన్మర్ ఇల్లు ఉప్పు చెరువు వెనక, లాస్ ఇగెరాస్ అనే కాలనీలో చివరి వరసలో ఉంది. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉండే గ్రిమ్స్‌బీ అనే చేపల రేవులో ఆయన ముప్పై ఒక్కేళ్లు సిటీ బస్సు నడిపాడు. భార్య ఈనిడ్ అదే రేవులో చేపలు కోసే పని చేసేది. చలికి ఆమె కీళ్లు బిగుసుకుపోతున్నాయని పద్నాలుగేళ్ల కిందట ఇల్లమ్ముకుని ఇద్దరూ ఇక్కడికొచ్చారు. కీళ్లు బాగుపడ్డాయి. మతిమరుపు మొదలైంది. ముందు పక్కింటివాళ్ల పేర్లు పోయాయి. తర్వాత నేర్చుకున్న నాలుగు స్పానిష్ మాటలు పోయాయి. చివరికి స్పెయిన్ వచ్చిన సంగతే పోయింది. ఇంకా తెలివి ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం మొగుడి చెయ్యి పట్టుకుని, "విల్ఫ్, నన్ను మాత్రం ముసలివాళ్ల ఆశ్రమంలో పడెయ్యకు. మా అమ్మని చూశాం కదా" అంది. ఆయన మాటిచ్చాడు. ఇప్పుడు మాట ఇచ్చినట్టు ఆమెకి గుర్తు లేదు. గుర్తున్నది ఆయనకే.

కీత్ ఆ ఇంటికి మొదటిసారి వెళ్లింది మూడేళ్ల కిందట. మే నెల ఎండ. విల్ఫ్ లుంగలు చుట్టిన రబ్బరు పైపు విప్పి, దించి ఉన్న కిటికీ షట్టరు మీద నీళ్లు కొడుతున్నాడు.

"షట్టరు కడుగుతున్నారా?"

"కాదు. వాన కురిపిస్తున్నా."

కీత్ నవ్వాడు. విల్ఫ్ నవ్వలేదు.

"మెల్లిగా నవ్వు. లోపల ఆవిడ వింటుంది. గ్రిమ్స్‌బీలో ఇవాళ పొద్దుటి నుంచి వాన అని టీవీలో చెప్పారు. ఇక్కడ చూస్తే ఈ దిక్కుమాలిన ఎండ. కిటికీ తీస్తే ఖర్జూరం చెట్టు కనపడుతుంది. అది కనపడితే ఇది మా ఊరు కాదు, ఇంటికి తీసుకెళ్లు అని మొదలుపెడుతుంది. వాన చప్పుడు వినపడితే స్వెట్టరు కప్పుకుని కూచుంటుంది. టీ అడుగుతుంది."

"అక్కడ ఎండ కాస్తేనో?"

"గ్రిమ్స్‌బీలోనా? ఆ కష్టం నాకు ఏడాదికి పది రోజులే."

ఇంగ్లండ్ చానెళ్ల పెట్టెకి ఒక ఇంగ్లండ్ చిరునామా పిన్‌కోడు కొట్టాలి. అప్పుడు ఆ ప్రాంతం వార్తలు వస్తాయి. చాలామంది ఏదో ఒక లండన్ కోడు కొట్టించుకుని ఊరుకునేవాళ్లు. విల్ఫ్ తన పాత ఇంటి కోడు కొట్టించాడు. గోడ గడియారం ఒక గంట వెనక్కి, ఇంగ్లండ్ టైముకి పెట్టాడు. దాని ప్రకారం ఆరున్నరకి ప్రాంతీయ వార్తలు. తెలిసిన వీధులు, తెలిసిన రేవు, తెలిసిన యాస, చివర్లో వాతావరణం. ఈనిడ్ కుర్చీ ముందుకి లాక్కుని కళ్లార్పకుండా చూసేది. "అబ్బ, ఏం వాన! బట్టలు లోపలేశావా విల్ఫ్?" అనేది. ఆ అరగంట పెట్టుబడి మీద మర్నాడు సాయంత్రం దాకా సంసారం నడిచేది.

పక్కింటి రెమెదియోస్‌కి ఈ కథ తెలియని రోజుల్లో పెద్ద రగడ జరిగింది. ఆమె కమలాపళ్ల షెడ్డులో ముప్పయ్యేళ్లు పని చేసిన విధవరాలు. నోరు పెద్దది. "చెట్లకే నీళ్లు లేక చస్తుంటే ఈయన కిటికీలకి పోస్తాడా! దేవుడు ఇవ్వని వాన ఈయనిస్తాడా!" అని గోడ మీంచి అరిచింది. కీత్ తనకొచ్చిన అరకొర స్పానిష్‌లో విషయం చెప్పాడు. ఆమె గోడ మీంచి తొంగి చూసింది. తర్వాత, "ఆ ముసలాయన పైపు పట్టడం చూడు, తోట తడిపినట్టు. వాన పైనుంచి పడుతుంది, పక్కనుంచి కాదు. మాతో ఒక మాట చెప్పకూడదా?" అంది. అప్పటినుంచి విల్ఫ్ నడుం పట్టేసిన రోజుల్లో ఆవిడే తన డాబా ఎక్కి పైపు పట్టేది.

ఇదంతా బొమ్మ ఉన్న రోజుల మాట.

ఆ మధ్యాహ్నం కీత్ వెళ్లేసరికి ఈనిడ్ కోటు తొడుక్కుని, తలకి స్కార్ఫు కట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గర కుర్చీలో కూచుంది. కీత్‌ని చూడగానే ముఖం విప్పారింది.

"బొగ్గులబ్బాయి వచ్చాడు. ఎన్ని బస్తాలు తెచ్చావు?"

"రెండు, తల్లీ."

"రెండేం చాలుతాయి? చలి చూడు ఎలా ఉందో. సరే, కొట్టులో పోసిరా. మేం ఇంటికి వెళ్లిపోతున్నాం."

"ఇదే ఇల్లు ఈనిడ్" అన్నాడు విల్ఫ్.

"ఇదా? ఈయనెవరో చూడబ్బాయ్, పొద్దుటి నుంచి ఇదే మాట."

కీత్ కప్పెక్కాడు. డిష్ ముందుండే కన్ను మార్చాడు. వేలెడు పైకి, వేలెడు పక్కకి, అన్ని వైపులకీ తిప్పి చూశాడు. ఏమీ లేదు. ఈ డిష్‌కి ఇక రాదని అతనికి ఎక్కకముందే తెలుసు. అయినా గంటసేపు ఎక్కి కూచున్నాడు. కింద ఆయన ముఖం చూడాలంటే భయమేసింది.

దిగాక విల్ఫ్ అతన్ని వరండాలోకి లాగాడు.

"ఇవాళ అక్కడ వానా, ఎండా? అదన్నా తెలిస్తే..."

కీత్ రాథరమ్‌లో ఉన్న అక్క జానిస్‌కి ఫోన్ చేశాడు. "ఏం వాతావరణం?"

"పన్నెండేళ్లలో నువ్వు వాతావరణం కోసం ఫోన్ చెయ్యడం ఇదే మొదలు. ఒళ్లు బాగుందా?"

"చెప్పవే బాబూ."

"కుండపోత. మీకు నవ్వులాటగానే ఉంటుంది."

కీత్ పైపు విప్పాడు. పైకెత్తి, షట్టరు మీదకి పైనుంచి కొట్టాడు. దుమ్ముతో కలిసి ఎర్రటి నీళ్లు కారాయి. లోపల కాసేపటికి ఈనిడ్ గొంతు వినపడింది. "ఈ వానలో ఎక్కడికి పోతాం విల్ఫ్? నా కోటు తీసి తగిలించు." విల్ఫ్ బయటికొచ్చి గుడ్డు వేయించి పెట్టిన రెండు రొట్టెముక్కలు కీత్ చేతిలో పెట్టాడు. కీత్ ఒక చేత్తో వాన కురిపిస్తూ రెండో చేత్తో తిన్నాడు.

రోజూ అలా జరగదు కదా. వాన చప్పుడు ఉన్నా వార్తలు లేవు. గడియారం ఆరున్నర కొట్టగానే ఈనిడ్ టీవీ ముందుకి వచ్చి కూచునేది. నల్లటి అద్దంలో తన ముఖమే కనపడేది. "ఈవిడెవరు?" అనేది.

కీత్‌కి ఒక ఉపాయం తట్టింది. జానిస్ చేత ఆమె ఇంటి పెట్టెలో గ్రిమ్స్‌బీ కోడు కొట్టించాడు. ఆరు రోజుల సాయంత్రం వార్తలు డిస్కుల మీద ఎక్కించి పోస్టులో పంపమన్నాడు. జానిస్ నసిగింది. "మా ఊరి వార్తలు మానేసి ఆ చేపల ఊరి వార్తలు చూస్తున్నానని మా ఆయన గొణుగుతున్నాడు" అంది. అయినా పంపింది. ఆరు డిస్కులు. ఈనిడ్‌కి గుర్తుండదు కాబట్టి అవే తిప్పి తిప్పి వేసినా ఫర్వాలేదనుకున్నారు. మూడు రోజులు దివ్యంగా నడిచింది. విల్ఫ్ రెండేళ్లు చిన్నవాడయ్యాడు. "అబ్బాయ్, శుక్రవారం భోజనానికి రా. గుడ్లూ, బంగాళాదుంపలూ. నీ ఎముకలు లెక్కపెట్టేట్టున్నాయి" అని పిలిచాడు.

శుక్రవారం నాలుగో డిస్కు. కీత్ కంచం ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు. రోడ్డు తవ్వకం వార్త అయింది. బడి పిల్లల పాట ఒకటి అయింది. తర్వాత రేవు చూపించారు. యాభై ఏళ్ల కిందట మునిగిన ఒక చేపల పడవ జ్ఞాపకంగా ఆ ఊరివాళ్లు నీళ్లలో పూలు వేస్తున్నారు. తెరమీద పడవ పాత ఫొటో పడింది.

ఈనిడ్ లేచి నిలబడింది.

"అది రోనీ పడవ."

విల్ఫ్ చేతిలో చెంచా ఆగిపోయింది. రోనీ ఈనిడ్ తమ్ముడు. పందొమ్మిదేళ్లకి ఆ పడవలోనే పోయాడు. కీత్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"విల్ఫ్, రోనీ పడవ మునిగిందంటున్నారు. అమ్మకి ఎవరు చెప్తారు? వీళ్లు ఇప్పుడు చెప్తున్నారేంటి? పొద్దున రొట్టె కట్టిచ్చాను కదా వాడికి!"

విల్ఫ్ టీవీ తీగ పీకేశాడు. ఆమె భుజాల మీద చేతులేసి కూచోబెట్టాడు. పది నిమిషాలకి ఆమె చూసింది మరిచిపోయింది. కళ్లు మాత్రం మరిచిపోలేదు. ధారగా కారుతూనే ఉన్నాయి. "నేనెందుకు ఏడుస్తున్నా విల్ఫ్?" అని అడిగింది. విల్ఫ్ తువ్వాలు తెచ్చి ఆమె కళ్లు తుడిచాడు.

వరండాలో కీత్ తల వంచుకుని, "చూసి ఇవ్వాల్సింది. అక్కా చూడలేదు, నేనూ చూడలేదు" అన్నాడు.

"వార్తలన్నాక చావులుంటాయి అబ్బాయ్. మూడేళ్లు రోజూ ఎవరో ఒకరు చచ్చారు, మేం చూస్తూ టీ తాగాం. ఇవాళ మా ఇంటిది వచ్చింది. నువ్వేం చేస్తావు?"

ఆ మాటకి కీత్ మనసు ఇంకా కుంగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

పేరు మరిచిపోయినా ఆదుర్దా ఆమెలో దిగబడిపోయింది. ఎవరో రావాలి, తాను ఎదురెళ్లాలి. అంతవరకే తెలుసు. నాలుగు రోజుల తర్వాత, విల్ఫ్ స్నానం చేస్తుండగా తలుపు తీసుకుని వెళ్లిపోయింది. రొట్టె కొనుక్కుని వస్తున్న రెమెదియోస్ ఆమెని ఉప్పు చెరువులో చూసింది. ఆ గులాబీరంగు నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, ఇంటి చెప్పులతో, కొంగలు వాలే వైపు చూస్తూ నిలబడి ఉంది. అటు సముద్రం కూడా లేదు. ఒకరి భాష ఒకరికి రాదు. రెమెదియోస్ రొట్టె గట్టు మీద పెట్టి, తనూ నీళ్లలోకి దిగి, చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది. చాలాసేపటికి ఈనిడ్‌కే చలేసి వెనక్కి తిరిగిందట.

సాయంత్రం రెమెదియోస్ కీత్ వ్యానుకి అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్ కీట్" అంది. ఆమెకి అతని పేరు ఎప్పుడూ అంతే వచ్చేది. "డిష్‌లు పెట్టేవాడివి కదా, ఒక్క డిష్ పెట్టలేవా?"

"పెద్దది కావాలమ్మా. రెండు మీటర్ల పైచిలుకు. నిలువెత్తు మనిషి అందులో పడుకోవచ్చు. మీ కాలనీ రూలు ఒకటింబావు దాటకూడదని."

"రూలు ఎవరు చూస్తారు?"

"అధ్యక్షులు."

"ఈ ఏడు అధ్యక్షురాలిని నేనే!"

నిజమే. ఆ కాలనీలో అధ్యక్ష పదవి చీటీ తీసి ఏడాదికొకరికి అంటగడతారు. కావాలని ఎవరూ తీసుకోరు. రెమెదియోస్‌కి చీటీ వచ్చిన రోజు ఆమె ఏడ్చింది. ఇప్పుడు అదే పదవితో ఇంటింటికీ సంతకాలకి బయల్దేరింది. ముప్పై ఆరిళ్లు. సగం ఇంగ్లీషువాళ్లే. "పెట్టండి, దానికేం? మా ఇంటికీ ఒక తీగ లాగమనండి" అన్నారు ప్రతివాళ్లూ. తీగ ఎటునుంచి ఎటు పోవాలో దాని మీద తగాదా పడ్డారు. ఒకాయన తన బాల్కనీ ముందు నీడ పడుతుందని సంతకం పెట్టనన్నాడు. రెమెదియోస్ మూడుసార్లు తిరిగింది.

ఈలోపు కీత్ మూతపడిన ఒక బారు మీద పెద్ద డిష్ ఉందని విని, దాన్ని రేకు రేకుగా విప్పి తెచ్చుకున్నాడు. ఇక సంతకాలదే ఆలస్యం. విల్ఫ్‌కి చెప్పడానికి వెళ్లాడు. విల్ఫ్ లోపలి తాళం తీసి బయటికొచ్చి, మళ్లీ తలుపు మూసి తాళం వేశాడు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"పది రోజులు ఓపిక పట్టండి. బొమ్మ తెప్పిస్తా."

"పది రోజులు" అన్నాడు విల్ఫ్. లోపల ఈనిడ్ తలుపు గుబ్బ తిప్పుతూనే ఉంది. "తలుపుకి తాళం వేశానబ్బాయ్. ఆశ్రమంలో వేస్తారని భయపడింది. నేను ఇంట్లోనే వేశా. తేడా ఏముంది చెప్పు?"

కీత్ తిరుగుతున్న గుబ్బ వైపు చూశాడు.

"పది రోజులు ఓపిక పడతా. నీ తప్పేం లేదు. కూచో, గుడ్డు వేస్తా."

"ఇప్పుడే తిన్నాను" అని కీత్ అబద్ధం చెప్పాడు. ఆయన్ని ఇంకో పనికి పురమాయించడం ఇష్టంలేక చెప్పాడు. ఆ గుడ్డు తినేసి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

తొమ్మిదో రోజు ఆ నీడ గోలాయన సంతకం పెట్టాడు. కీత్ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. స్నానం చేయిస్తున్నాడేమో అనుకున్నాడు.

పదో రోజు గురువారం. ఎండ చురుక్కుమంటోంది. డిష్ రేకులన్నీ వ్యాను మీద తాళ్లతో కట్టుకుని, సిమెంటు రెండు బస్తాలు లోపలేసుకుని పదకొండింటికి చేరాడు. మాట కోసం పరుగెత్తిన హడావుడిలో ఆ రోజూ ఏమీ తినలేదు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. అది మామూలే. రబ్బరు పైపు చక్కగా చుట్టి మేకుకి తగిలించి ఉంది. అది మామూలు కాదు. విల్ఫ్ ఎప్పుడూ దాన్ని నేల మీదే పడేసేవాడు.

రెమెదియోస్ తన గుమ్మంలో మెట్టు మీద కూచుంది. సంతకాల కాయితం ఒళ్లో ఉంది.

"వెళ్లిపోయారు."

"ఎక్కడికి?"

"చెప్తే కదా! పొద్దున ఏడింటికి నీళ్ల చప్పుడు వినపడింది. ముసలాయన నడుం బాగాలేదేమో, నేనే పైపు పడదామని డాబా ఎక్కా. చూస్తే కిటికీకి కాదు, టాక్సీకి కొడుతున్నాడు. అద్దాలన్నిటికీ. డ్రైవరు బూతులు తిడుతున్నాడు. తర్వాత ఆమె కోటేసుకుని, స్కార్ఫు కట్టుకుని వచ్చింది. గొడుగు పట్టుకుని ఎక్కించాడు. ఎండలో, గొడుగు! నవ్వుతూ ఎక్కింది, తెలుసా?"

"మీతో ఏమన్నా అన్నాడా?"

"నేను చెయ్యెత్తా. చూశాడు. తల దించుకున్నాడు. అంతే."

కీత్ ఫోన్ తీసి మళ్లీ చేశాడు. ఆ నంబరు పనిచెయ్యడం లేదని ఒక స్పానిష్ ఆడగొంతు చెప్పింది. మూసిన తలుపు ముందు నిలబడి, తీరా వచ్చినవాడు కాబట్టి రెండుసార్లు తట్టాడు కూడా. గ్రిమ్స్‌బీకో, ఆశ్రమానికో, అడగడానికి లోపల ఎవరూ లేరు.

రెమెదియోస్ లోపలికెళ్లి చల్లారిన బంగాళాదుంప ఆమ్లెట్టు ముక్క, రొట్టె తెచ్చి అతని పక్కన పెట్టింది. ఆకలి ఆకలే. తిన్నాడు. తింటూ రోడ్డు మీద టాక్సీ ఆగిన చోటు చూశాడు. పొద్దుటి నీళ్ల మరక కూడా అప్పటికి ఆరిపోయింది.